అడుగు మందు

"నా మొగుడి కన్ను మీరే తీశారు. క్లైడ్ ఓస్‌బీ, నువ్వూ, నీ కమిటీ, ఆ మూల కూర్చుని కాఫీ ఊదుకుంటున్న డెల్‌బర్ట్ స్కోగూ! కన్ను తీసి, రెండు వేళ్లు తీసి, ఇప్పుడు తప్పు మాదేనని కాగితం కూడా రాసుకొచ్చారా?"

మంగళవారం మధ్యాహ్నం సేజ్‌ఫోర్క్ తుపాకి క్లబ్బు గదిలో వెల్డా హాగీ వేసిన కేకకి గోడ మీది దుప్పి తలలు కూడా ఉలిక్కిపడి ఉంటాయి. కమిటీలో ఉన్న ఐదుగురూ మాత్రం ఉలిక్కిపడలేదు. కమిటీలు ఉలిక్కిపడవు. గొంతు సవరించుకుంటాయి.

"కూర్చో వెల్డా" అన్నాడు అధ్యక్షుడు క్లైడ్. "ఎవరి తప్పూ అనలేదమ్మా. 'సొంత పరికరాల నిర్వహణలో లోపం' అన్నాం. అంతే. శుక్రవారం పొద్దున ఫలహారాల దగ్గర చదివేస్తాం. మీ ఆరిన్ సంతకం పెడితే పనైపోతుంది."

"ఆ పరికరాలు చూసేది ఎవరు? ఆరినా?"

ఊళ్లో అందరికీ తెలుసు. హాగీ వాళ్ల నేలమాళిగలో తూటాలు నింపేది ఆరిన్, సామాన్లు చూసేది వెల్డా. తూటాలు నొక్కి బిగించే ప్రెస్సు తుడిచి నూనె చుక్క వేసేది ఆమె. తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్లు పేలాక మిగిలే మసి గీకేది ఆమె. వాళ్ల నాన్న బల్ల దగ్గర తొమ్మిదో ఏట మొదలుపెట్టింది, ఇప్పుడు యాభై ఎనిమిది. ఆ కాగితంలో పేరు ఆరిన్‌ది. నింద ఆమెది.

రెండు వారాల కిందట ఆదివారం, వేటకి ముందు అందరూ తుపాకుల గురి సరిచూసుకునే రోజున, ఆరిన్ చేతిలో తుపాకి పగిలింది. కళ్లద్దాలు ఒక కన్ను కాపాడాయి. రెండోదాన్ని కాపాడలేకపోయాయి. ఈ శనివారం తెల్లారితే వేట మొదలు. అంతలోపు ఈ గొడవ మూసేయాలని కమిటీ తొందర.

ఎందుకంత తొందర? ఆ ప్రశ్న వెల్డా బుర్రలో ముల్లులా దిగింది.

ఆమె నేరుగా ఇంటికొచ్చి నేలమాళిగలోకి దిగింది. అక్కడ వాళ్ల మీద అరిచినా, ముందు తననే అనుమానించుకుంది. నిజాయితీ ఉన్నవాళ్లకి ఆ జబ్బు ఉంటుంది, కమిటీలకి ఉండదు. త్రాసు ముల్లు సున్నా దగ్గర నిలబడిందా? నిలబడింది. ఇత్తడి తూకంరాళ్లు ఒక్కొక్కటే పెట్టి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. త్రాసు దండె ఆనే కత్తి అంచు కింద దుమ్ము చేరిందేమోనని భూతద్దం పెట్టింది. లేదు. తుపాకి మందు కొలిచే తొట్టి గోడలకి పొడి అంటుకోకుండా, బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే పలచటి గుడ్డతో తుడవడం ఆమెకి అలవాటు. ఆ గుడ్డ ఇంకా మేకుకి వేలాడుతోంది. పట్టు సడలిన మర ఒక్కటీ లేదు.

తర్వాత మొగుణ్ణి అనుమానించింది. ఆరిన్ బీరు తాగి బల్ల దగ్గర కూర్చున్నాడా? రెండు రకాల మందు డబ్బాలు ఒకేసారి బల్ల మీద పెట్టాడా? ఆ ఇంట్లో బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలి, మిగతావి బీరువాలో తాళం. ఆరిన్ నోటు పుస్తకం తీసింది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఒకే మందు, ఒకే కొలత, ఒకే గుండు. పెన్సిల్‌తో, కోడిగీతల్లాంటి ఆ రాతలో, ప్రతి పదో తూటా మళ్లీ తూచినట్టు గుర్తు. వేసవంతా అవే తూటాలు కాల్చాడు. ఏమీ కాలేదు. అక్టోబరులో నింపిన పెట్టెలో నాలుగో తూటాకి తుపాకి పగిలింది.

అదే మందు, అదే కొలత. మరి ఎందుకు?

బుధవారం పొద్దున తలుపు తట్టాడు డెల్‌బర్ట్ స్కోగ్. క్లబ్బు మందు మనిషి. ఏటా వసంతంలో క్లబ్బు పెద్ద పీపా తెప్పిస్తుంది, డెల్‌బర్ట్ తన షెడ్డులో దాన్ని సభ్యుల డబ్బాల్లోకి పంచుతాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. చేతిలో వేడివేడి గిన్నె.

"కోడీ నూడిల్సూ. మా ఆవిడ చేసింది" అన్నాడు.

"పది రోజుల్లో ఇది నాలుగో గిన్నె, డెల్‌బర్ట్. మా ఇంట్లో చచ్చినవాళ్లు ఎవరూ లేరు."

"అదేం మాట వెల్డా. ఇరుగుపొరుగు అన్నాక..." గుమ్మంలోనే కాళ్లు మార్చుకున్నాడు. "అన్నట్టు, ఆ మందు డబ్బా ఇంకా కిందే ఉందా? చూసినప్పుడల్లా నీకు బాధ. నేను పట్టుకెళ్లి పారేస్తాలే."

"మొన్న కూడా అదే అడిగావు."

"మొన్న అడిగానా?"

"అంతకు ముందు కూడా అడిగావు. నూడిల్సు ఇవ్వడానికి వస్తున్నావో, డబ్బా కోసం నూడిల్సు తెస్తున్నావో చెప్పు."

డెల్‌బర్ట్ నవ్వాడు. నోరు నవ్వింది గానీ కళ్లు ఆమె భుజం మీదుగా నేలమాళిగ మెట్ల వైపు చూశాయి. "నీ నోరు మాత్రం తుప్పు పట్టదు" అన్నాడు.

"నేను రోజూ నూనె వేస్తా. వెళ్లు."

గిన్నె తీసుకోలేదు. తలుపు వేసి, గడియ పెట్టి, మొదటిసారిగా ఆ డబ్బా గురించి ఆలోచించింది.

ఆ మధ్యాహ్నం రెండు పెట్టెలు బల్ల మీద పెట్టింది. ఒకటి జూన్‌లో నింపింది, ఇంకోటి అక్టోబరుది. గుండు ఊడదీసే సుత్తిలో తూటా బిగించి చెక్క మొద్దు మీద దబదబా కొట్టింది. అలా జూన్‌వి మూడు, అక్టోబరువి మూడు విప్పింది. ఒక్కో తూటాలోని మందు తూచింది. ఆరింటి తూకమూ ఒక్కటే. ఆరిన్ కొలత తప్పలేదు. ఆమె త్రాసు తప్పలేదు.

అప్పుడు ఆ మందుని తిరిగి తూటాల ఇత్తడి గుల్లల్లో పోసి, పక్కపక్కన నిలబెట్టి, లైటు వేసి చూసింది. జూన్ మందు గుల్ల మెడ దాకా వచ్చింది. అక్టోబరు మందు మెడ కిందే ఆగింది. బొటనవేలి గోరంత తేడా.

రెండింటినీ తెల్ల పళ్లెంలో విడివిడిగా పోసి భూతద్దం పెట్టింది. జూన్‌వి బొగ్గు రంగు పుల్లలు, అన్నీ ఒకే పొడవు. అక్టోబరు కుప్పలో అవే పుల్లలు, వాటి మధ్య అదే రంగులో సన్నగా, పొట్టిగా ఇంకేవో. చూపుతో మందు పేరు చెప్పలేం, ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ రెండు రకాలున్నాయని చెప్పడానికి కన్ను చాలు. నిదానంగా కాలే మందులో, తుపాకి గొట్టం తట్టుకోలేనంత చప్పున కాలేది కలిసింది. దానికి తూకం సరిగ్గా ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి?

డబ్బా పైసగం మంచిది. అడుగు చెడ్డది. వేసవంతా పైసగం వాడారు.

వెల్డా మెట్లెక్కి వచ్చింది. ఆరిన్ కిటికీ దగ్గర కుర్చీలో, కంటికి కట్టుతో, ఒళ్లో కమిటీ కాగితంతో కూర్చున్నాడు. కుడి చేతిలో పెన్ను ఉంది.

"మూత పెట్టు దానికి" అంది.

"శుక్రవారానికి ఇవ్వాలి కదే."

"తప్పు నీది కాదని నీకు తెలుసు. తెలిసి సంతకం ఎందుకు పెడుతున్నావు?"

ఆరిన్ కిటికీ వైపు తిరిగాడు. ముప్పైనాలుగేళ్ల కాపురంలో ఆ మెడ నరం ఎప్పుడు బిగుస్తుందో ఆమెకి తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు కాదు. నిజం మింగేటప్పుడు.

"డెల్‌బర్ట్ నీకేం చెప్పాడు?"

"ఏం చెప్పలేదు."

"ఆరిన్. పళ్లెంలో రెండు రకాల మందు పోసి వచ్చా. కిందకి దిగి చూస్తావా, ఇక్కడే చెప్తావా?"

ఆరిన్ పెన్నుకి మూత పెట్టాడు.

"ఏప్రిల్‌లో పంచేటప్పుడు నేనున్నా. పీపా కొంచెం తక్కువొచ్చింది. డెల్‌బర్ట్ అటక మీంచి కాఫీ డబ్బా ఒకటి దించాడు. దాని మీద చీటీ లేదు. 'ఏంట్రా ఇది?' అన్నా. 'అదేరా, పోయినేటిది, మిగిలింది' అన్నాడు. రంగు అదే. ముందు అది కాస్త కాస్త అడుగున పోసి, పైన కొత్తది నింపాం."

"పోసింది వాడు."

"గరాటు పట్టుకుంది నేను." ఎడమ చేయి ఎత్తి చూపించాడు, మిగిలిన మూడు వేళ్లతో. "ఈ చేత్తోనే. చీటీ లేని డబ్బా లోంచి చెంచాడు మందు కూడా వాడకూడదని నాకు మీ నాన్నే నేర్పాడు. రెండోసారి అడగలేదు వెల్డా. సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా పంచుతున్నవాణ్ణి ఏం అడుగుతాం అనుకున్నా. అక్టోబరులో గుల్లల్లోకి లైటు వేసి చూసినప్పుడు మట్టం తగ్గినట్టే అనిపించింది. మళ్లీ తూచా. తూకం సరిపోయింది. నోరు మూసుకున్నా."

వెల్డాకి కోపం రాలేదు.

"ఎన్ని డబ్బాలు?"

"మొత్తం ముప్పై ఒకటి. కాఫీ డబ్బా మందు తొమ్మిదింట్లోనో పదింట్లోనో పోసి ఉంటాం. ఏది ఎవరికి పోయిందో తెలీదు."

"అందరూ ఇప్పుడు అడుక్కి వచ్చి ఉంటారు. వేట తూటాలు ఇప్పుడేగా నింపేది!"

"చప్పుడు చేయకుండా డబ్బాలన్నీ వెనక్కి తెస్తానన్నాడు డెల్‌బర్ట్. బయటపడితే క్లబ్బు మూతపడుతుందన్నాడు. నేను సంతకం పెడితే ఎవరూ తవ్వరన్నాడు."

"ఎన్ని తెచ్చాడు?"

"నాలుగు."

నాలుగు గిన్నెల నూడిల్సు ఈ ఇంటికి. ఇంకా ఎన్ని ఇళ్లకి, ఎన్ని వంకలతో? మనుషులు చేతుల్లో చావు పట్టుకుని కొండెక్కబోతుంటే, పెద్దమనిషి గిన్నెలు మోస్తున్నాడు!

"నువ్వు చెబితే నీ పేరు తేలుతుంది గానీ, నువ్వు కడిగిన నా పేరు మళ్లీ బురదలో పడుతుంది" అన్నాడు ఆరిన్ మెల్లగా.

"పడనీ. ఉతికితే పోతుంది. కన్ను పోతే వస్తుందా?"

సరేనన్నట్టు తల ఊపాడు. ఆ పూటే డబ్బాలు తీసుకున్నవాళ్ల పేర్లన్నీ రాసి పెట్టుకున్నారు. గురువారమంతా వెల్డా కనబడిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసింది. సగం మంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లలో సగం, "డెల్‌బర్ట్ మందులో తేడానా? మీ ఆయన బాధలో ఏదో అంటున్నాడు లేమ్మా" అన్నారు. క్లైడ్ అంతకు ముందే ఫోన్లు చేసి, వెల్డా మతి కుదురుగా లేదని చెప్పి పెట్టాడు. ఆమె నోటి మాట చాలదని అప్పుడర్థమైంది.

శుక్రవారం పొద్దున క్లబ్బు గది నిండా పాన్‌కేకుల వాసన. వేటగాళ్ల ఆరెంజి రంగు చొక్కాల్లో పదిహేను మంది దాకా ఉన్నారు. మిగతావాళ్లలో కొందరు ఇంకా ఇళ్ల దగ్గరే ఉన్నారు, చాలామంది అప్పటికే కొండ మీద గుడారాలు వేసుకున్నారు. క్లైడ్ కాగితం కోసం చేయి చాపాడు. వెల్డా ఇవ్వలేదు. తెల్ల పళ్లెం బల్ల మీద పెట్టింది. పక్కన రెండు ఇత్తడి గుల్లలు నిలబెట్టి, పైన భూతద్దం ఉంచింది.

"మళ్లీ ఏంటమ్మా ఇది? నువ్వేమైనా మందుల డాక్టరువా?" అన్నాడెవడో. కొందరు నవ్వారు.

"వచ్చి చూడు. చూశాక నవ్వు."

వాడు వచ్చాడు. వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచాక నవ్వలేదు. చొక్కా జేబు లోంచి ఐదు తూటాలు తీసి, వేడి బొగ్గుల్లా ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు.

డెల్‌బర్ట్ సిరప్ సీసా పట్టుకుని నిలబడిపోయాడు. "నేను తెస్తూనే ఉన్నా వెల్డా" అన్నాడు. "ఒట్టు. ఒక్కొక్కటే..."

గుమ్మంలో ఆరిన్ కనబడ్డాడు. టోపీ తీశాడు. "గరాటు నేను పట్టుకున్నా" అన్నాడు అందరికీ వినబడేలా. "చీటీ లేని డబ్బా. ఇద్దరం కలిపాం. మా ఆవిడ సామానులో ఏ లోపమూ లేదు."

క్లైడ్ గొంతు సవరించుకోబోయాడు. వెల్డా వాడి నోటి ముందు కమిటీ కాగితం తిప్పి పెట్టింది. వెనక వైపు పెన్సిల్‌తో ముప్పై ఒక్క పేర్లు.

"సంతకం వెనక్కి. పేర్లు ముందుకి. క్లైడ్, ఆ ఫోన్ తీసి, ఇక్కడ లేనివాళ్లకి పైనుంచి మొదలుపెట్టు. నా మతి సంగతి తర్వాత, ముందు మందు సంగతి చెప్పు. డెల్‌బర్ట్, నీ బండి తీయి. కొండ మీద పదకొండు మంది ఉన్నారు, అక్కడ ఫోన్లు పలకవు, గుడారం గుడారానికీ నువ్వే వెళ్లాలి. ఆరిన్ నీ పక్కన కూర్చుంటాడు. మంచి డబ్బా, చెడ్డ డబ్బా అని ఎంచొద్దు. ఏప్రిల్‌లో పంచిన ప్రతి డబ్బా, దాంతో నింపిన ప్రతి తూటా ఈ బల్ల మీదికి రావాలి. ముప్పై ఒకటీ వచ్చేదాకా ఈ ఊళ్లో ఒక్క తుపాకీ పేలకూడదు. పాన్‌కేకులు చల్లారితే చల్లారనీ. లేవండి. ఇప్పుడే!"