ఏ సీసా మూత

మరకల మాస్టారి మాట మీద జనానికి ఉన్న నమ్మకం ఒక మంగళవారం మధ్యాహ్నం పోయింది. అది కూడబెట్టడానికి ఆయనకి నాలుగేళ్ళు పట్టింది. పోవడానికి ఒక్క ఫొటో చాలింది.

ఫొటోలో ఒక నీలం ఉన్ని శాలువా. నడుమ అరచేయంత మేర రంగు పోయి, నీలం గోడ మీద ఎవరో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కింద రెండే వాక్యాలు. "టీ మరకకి మీరు రాసినట్టే చేశాను. ఇది మా అమ్మ అల్లింది, అమ్మ ఇప్పుడు లేదు."

మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కారు. ఇరవై ఆరేళ్ళుగా ఒక లాండ్రీలో మరకల బల్ల దగ్గర పనిచేస్తున్నారు. సిరా, టీ, తుప్పు, గ్రీజు, రక్తం, తెచ్చినవాళ్ళు పేరు చెప్పడానికి మొహమాటపడే మరికొన్ని, అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఒక్క చొక్కా కాలరు పట్టుకుని అరగంట ఉపన్యాసం ఇస్తారని ఇస్త్రీ పెద్దాయన వెక్కిరింతగా పెట్టిన పేరది. తర్వాత ఓనరుతో సహా అందరి నోళ్ళలోనూ నానిపోయింది.

రాయమని పోరు పెట్టింది ఆయన భార్య. "నాకు చెప్పి ఏం లాభం? లోకానికి చెప్పండి, పుణ్యముంటుంది. నా చెవులకీ కాస్త విశ్రాంతి దొరుకుతుంది," అంది. ఆవిడ చెల్లెలు, పక్క వీధిలో బట్టలు బిగించి వదులు చేసే కుట్టు దుకాణం నడిపే మనిషి, బావగారి కోసం ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి పెట్టింది. మరకల గురించి తప్ప ఇంకేమీ రాయకూడదని మాస్టారు మొదటి రోజే గట్టిగా అనుకున్నారు. ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు. బట్ట మీద తానే మరక వేసి, తానే తీసి, మూడు రోజులు ఆరబెట్టి, పగటి వెలుగులో చూశాకే అక్షరం రాయాలి.

మొదటి ఏడాది పదకొండు మంది చదివారు. అందులో ముగ్గురు చుట్టాలు. అదే కాలంలో ఎక్కడో ఒక అమ్మాయి ప్రతి మరకకీ నిమ్మకాయా ఉప్పూ రుద్దమని రాస్తూ లక్ష మందిని పోగేసింది. దేనికైనా నిమ్మకాయే. ఒకసారి తుప్పుకి, ఒకసారి సిరాకి, ఒకసారి చెమటకి. మాస్టారు అవి చదివి పళ్ళు నూరుకునేవారు. అయినా తన దారిలో తాను నడిచారు. మెల్లగా దర్జీలు వచ్చారు, పిల్లల తల్లులు వచ్చారు, వేరే లాండ్రీల వాళ్ళు దొంగచాటుగా వచ్చారు. "మాస్టారు పోతుందన్నారంటే పోతుంది, పోదన్నారంటే ఆ బట్ట మీద ఆశ వదులుకోవాలి," అని ఎవరో రాశారు. ఆ మాట ఆయన భార్యకి చదివి వినిపించినప్పుడు ఆవిడ నవ్వి, ఇక మిమ్మల్ని పట్టలేం అంది.

ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. ఆ తర్వాత కూడా మాస్టారు రాయడం మానలేదు. రాసే వేళకి రాసుకుంటే మిగతా రోజు గడిచేది.

ఈమధ్య ఆ పేజీలు నడిపే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు తమ తమ విషయాల్లో నిపుణులైనవాళ్ళ పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెడుతున్నారు. మాస్టారు కూడా అడిగారు. ఫారంలో విద్యార్హత అన్న చోట "ఇరవై ఆరేళ్ళు మరకల బల్ల" అని రాస్తే తిప్పికొట్టారు. సర్టిఫికెట్ కావాలన్నారు. మరకలు తీయడానికి సర్టిఫికెట్ ఎవరిస్తారో ఆయనకి తెలియదు. చివరికి ఓనరు లాండ్రీ కాగితం మీద ఒక ఉత్తరం రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. దాన్ని పరిశీలిస్తున్నాం, పది రోజులు ఆగమని కబురొచ్చింది. తొమ్మిదో రోజు ఈ శాలువా వచ్చి పడింది.

సాయంత్రమయ్యేసరికి జనం మాస్టారిని ఉతికి ఆరేశారు. లాండ్రీలో ఊడ్చేవాడికి కలం ఇస్తే ఇంతే అన్నారు. డిగ్రీ ఏదీ అన్నారు. నిన్నటిదాకా దణ్ణాలు పెట్టినవాళ్ళు ఒక్కరూ నోరు మెదపలేదు. నిమ్మకాయ అమ్మాయి శాలువా ఫొటోని తన పేజీలో పెట్టి, "మందులు వద్దు, సహజమే ముద్దు," అంది.

బుధవారం పొద్దున్నే మరదలు మరకల బల్ల దగ్గరికి వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"ఆ శాలువా ఆవిడకి ఏం రాశావు బావా?"

"మరక తీసే మందు ఎక్కువ పోసి ఉంటారని రాశాను. గ్లాసు నీళ్ళకి రెండు మూతలు. దానికి రంగు పోదు. ఇన్నేళ్ళలో ఒక్కటీ పోలేదు."

"బాగుంది. తల్లి పోయి ఏడుస్తున్న మనిషికి, తప్పు నీదేనమ్మా అని చెప్పావన్నమాట. అందుకే నిన్ను నెత్తిన పెట్టుకుంటున్నారు."

"లేని తప్పు ఎలా ఒప్పుకోమంటావు? మూడు రోజులు ఆరబెట్టి చూశాను. అదే ఉన్ని, అదే టీ."

"ఒప్పుకోవద్దులే. ఆ పోస్టు తీసేయ్. ఆ నక్షత్రమేదో వచ్చేదాకా కిక్కురుమనకుండా కూర్చో. వారం తిరిగేసరికి జనం ఇంకొకరి మీద పడతారు."

"సరిగా ఉన్నదాన్ని తీసేస్తే తప్పని నేనే చెప్పినట్టు కాదా?"

ఇస్త్రీ పెద్దాయన పెట్టె పక్కన పెట్టి ఇటు తిరిగాడు. "ఆయనతో వాదించకమ్మా. కాలరు గురించి అడిగితేనే అరగంట. నీ దుకాణం ఇవాళ తెరుచుకోదు."

మరదలు ఆ మాట చెవిన వేసుకోలేదు. సంచిలోంచి మందు సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఎక్కడైనా దొరికే సీసాయే. లాండ్రీలో వాడేదీ అదే మందు. "నేను నీ పోస్టు చదివిన దద్దమ్మని అనుకో. నువ్వు రాసింది రాసినట్టు చేస్తాను. చూస్తూ ఉండు, మధ్యలో మాట్లాడకు."

గ్లాసులో నీళ్ళు పోసింది. సీసా మూత తిప్పి తీసింది. మూత నిండా మందు వంచి నీళ్ళలో పోసింది. రెండోసారి వంచబోతుంటే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు.

"అది కాదు, మూతతో పొయ్యమంటే!"

"ఇది మూత కాక గంపా?"

"ఆ మూత కాదు. ఇది." ఆయన వేలు అలమర వైపు చూపింది. అక్కడ మేకుకి దారంతో కట్టి ఒక చిన్న తెల్ల మూత వేలాడుతోంది. దగ్గుమందు సీసాది. ఆయనకి పని నేర్పిన ముసలాయన ఏనాడో అక్కడ కట్టాడు. అప్పటి నుంచి ఆ బల్ల దగ్గర మూత అంటే అదే. కొత్తగా చేరినవాళ్ళు కూడా అడగరు, చెయ్యి దానంతటదే అటు పోతుంది.

మరదలు ఆ మూతని చూసింది. తన చేతిలో ఉన్నదాన్ని చూసింది.

"అందరి ఇళ్ళలోనూ ఇది వేలాడుతోందా బావా?"

ఇస్త్రీ పెద్దాయన ముందు పకపకా నవ్వాడు. మాస్టారి మొహం చూసి ఆపేశాడు.

మాస్టారు మేకు మీది మూత విప్పారు. చిన్న మూతతో నీళ్ళు పోసి పెద్ద మూతని నింపారు. అయిదు పట్టాయి. పాత గుడ్డల్లోంచి నీలం ఉన్ని ముక్క వెతికి, దాని మీద టీ చల్లి ఆరనిచ్చి, పెద్ద మూతలు రెండు కలిపిన నీళ్ళు అద్దారు. పావుగంటలో ఆ ముక్క శాలువాలాగే అయింది. మూడు రోజులు ఆగాల్సిన పని లేకపోయింది.

ఆ సాయంత్రం వెలుగు ఉండగానే ఇంటికొచ్చి ఆయన తన నోటు పుస్తకాలన్నీ దింపారు. ప్రతి పోస్టూ ముందు పుస్తకంలో రాయడం ఆయన అలవాటు. టైపు కొట్టేది మరదలు. టైపుకి ఇచ్చే ముందు ఆయన భార్య ఒకసారి చదివేది. ఇన్నేళ్ళలో ఎన్ని చోట్ల "మూత" అని రాశారో చూద్దామని పేజీలు తిప్పారు. దాదాపు ప్రతి దాంట్లోనూ ఉంది. మొదటి పుస్తకాల్లో ప్రతిచోటా దాని చుట్టూ పెన్సిల్‌తో ఒక సున్నా, పక్కన చిన్న అక్షరాల్లో "ఏ సీసా మూత?" అని ఉంది. దాని కింద తన చేతిరాత. మూత కొట్టేసి చెంచా. కొన్నిచోట్ల కొట్టేసిన గీత కాగితం చిరిగేంత గట్టిగా ఉంది.

అవి దిద్దినప్పుడు తాను ఎంత విసుక్కున్నారో ఆయనకి గుర్తుంది. నీకు ప్రతిదీ విడమరిచి చెప్పాలా అన్నారు ఒకసారి. నాకు కాదు, అన్నం పెట్టబోయే ముందు మరక చూసుకుని కంగారు పడేవాళ్ళకి చెప్పండి అందావిడ. ఆ తర్వాత కూడా ప్రతిసారీ మూత అనే రాశారు. ప్రతిసారీ ఆవిడ సున్నా చుట్టింది.

చివరి రెండు పుస్తకాల్లో పెన్సిల్ గీతలు లేవు. ఆ పోస్టులు లెక్కపెడితే పంతొమ్మిది.

మరదలు వంటింట్లోంచి టీ గ్లాసులతో వచ్చి, ఆయన భుజం మీదుగా చూసింది. "ఇవన్నీ అక్క అడిగేదా?"

"అడిగేది."

"నాకు తట్టలేదు చూడు. కళ్ళు మూసుకుని టైపు కొట్టేశాను."

"నీకు మీ అక్క అడిగాక వచ్చేవి. ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి."

మరదలు టీ గ్లాసులు పుస్తకాల పక్కన పెట్టింది. తర్వాత తనే అంది. "సరే, చప్పుడు కాకుండా పంతొమ్మిదింట్లోనూ మూత తీసేసి చెంచా పెట్టేస్తాను. పది నిమిషాల పని. ఎవరికీ తెలియదు. రేపో ఎల్లుండో నక్షత్రం వస్తుంది."

"ఇప్పటికే చదివి సీసా చేతిలో పట్టుకున్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"నీ పీక నువ్వే కోసుకుంటానంటే నేనేం చెయ్యను బావా!"

"టైపు కొట్టు," అన్నారు మాస్టారు.

ఆయన చెప్పింది ఆమె కొట్టింది. ఎక్కడా మెత్తన చెయ్యలేదు. "శాలువా పాడవడానికి కారణం నేను. మా బల్ల దగ్గరి మూత చాలా చిన్నది, మీ సీసా మూత దానికి అయిదింతలు. ఆ మాట రాయలేదు. ఆవిడదే పొరపాటని నిన్న రాసింది కూడా తప్పే. కింద చెప్పిన పంతొమ్మిది పోస్టుల్లో ఏదీ నేను మళ్ళీ సరిచూసి చెప్పేదాకా వాడకండి." పంపే ముందు మరదలు వేలు కాసేపు ఆగింది. ఆయన తల ఊపారు.

శుక్రవారం కంపెనీ జవాబు వచ్చింది. మీ రాతలో దోషం ఉన్నట్టు మీరే ప్రకటించారు కాబట్టి గుర్తు ఇవ్వలేమన్నారు. మాస్టారు ఆ వాక్యం మూడుసార్లు చదివి ఫోను బోర్లా పెట్టారు. ఏమీ ఒప్పుకోకుండా ఉంటే వచ్చేదే. నిమ్మకాయ అమ్మాయికి పోయిన నెలలోనే వచ్చింది. ఆయన తప్పు ఒప్పుకున్న పోస్టునే ఆ అమ్మాయి తన పేజీలో పెట్టి, చూశారా అంది. చదివేవాళ్ళు సగానికి పైగా జారిపోయారు. దర్జీలు మాత్రం అక్కడక్కడా మిగిలారు. "మా దగ్గరా ఇలాంటి మూత ఒకటుంది మాస్టారూ, దాని పేరు చిటికె," అని ఒకాయన రాశాడు. ఆ ఒక్క కామెంటుకే మాస్టారికి నవ్వొచ్చింది.

పంతొమ్మిదీ చెంచాతో మళ్ళీ మొదలుపెట్టారు. మరక వేయడం, తీయడం, మూడు రోజులు ఆరబెట్టడం. మొదటిది సరిచూసి పుస్తకంలో రాసి, మరదలి చేతికిచ్చి పెన్సిల్ కూడా ఇచ్చారు. ఆమె గంటసేపు చదివి ఒక్క సున్నా కూడా చుట్టలేకపోయింది. "నాకు అంతా అర్థమైపోతోంది బావా, అదే చిక్కు," అంది. కుట్టుపని మనిషి కదా. ఇప్పుడు ఆ పుస్తకం ఎదురింటి డ్రైవరుకి ఇస్తున్నారు. అతనికి బట్టలు ఉతకడం తెలియదు. అడ్డమైన ప్రశ్నలన్నీ అడుగుతాడు, మాస్టారికి ముక్కు మీద కోపం వస్తుంది, దిద్దుతారు.

శాలువా ఆవిడ వారం తర్వాత ఒక ముక్క రాసింది. కోపం లేదు. "మీరు చెప్పింది చదివాను. ఆ రంగు మళ్ళీ వస్తుందా?" అని అంతే.

మాస్టారికి జవాబు తెలుసు. ఉన్నిలోంచి అలా పోయిన రంగు తిరిగి రాదు. పైన వేరే రంగు అద్దినా అది ఆవిడ తల్లి అల్లిన నీలం అవదు. ఇంకెవరైనా అడిగి ఉంటే ఆ క్షణమే రాసేసేవారు.

ఏడు పోస్టులు దిద్దారు. పన్నెండు మిగిలాయి. ఆవిడకి జవాబు ఇంకా రాయలేదు.