తుపాకికి దగ్గు

ఈ వాయిదా నుంచి నా కేసులోని తుపాకికి దగ్గు మొదలైంది. తెల్లగుడ్డ మూటలో ఉన్న దాన్ని, లక్క సీలు చెదరకుండా కానిస్టేబుల్ ఎత్తుకొచ్చి, మేజిస్ట్రేటు ముందున్న బల్ల మీద పడుకోబెట్టి వీపు నిమురుతున్నాడు. ఎవరూ తలెత్తి చూడటం లేదు. ఈ కోర్టులో దగ్గనివాళ్లు ఎవరు గనక.

ఆ దగ్గు నాకు తెలుసు. మా నాయన మారెన్నది. వేరుశనగ చేలో మంచె మీద కూర్చుని, అడవిపందులకు కాపలా కాస్తూ అచ్చం ఇలాగే దగ్గేవాడు. లైసెన్సు ఆయన పేరున ఉండేది. ఆయన పోయాక అదీ చెల్లకుండా పోయింది. తుపాకిని స్టేషనులో అప్పగించమన్నారు. ఆయన చేతి చెమట ఇంకా దాని కర్రకు అంటుకునే ఉంది, ఇవ్వబుద్ధి కాలేదు. నా నేరం అంతే.

వరండా బెంచీ మీద పందులు వరుసగా కూర్చుని ఉన్నాయి. ప్రతి వాయిదాకూ వస్తాయి. నా కేసు మళ్లీ వాయిదా పడిందని విన్నాకే నింపాదిగా మా చేలోకి పోతాయి. నేను జైల్లో ఉంటే, అక్కడ నా భార్య ఓబులమ్మ ఒక్కతే డబ్బా వాయించి, కేకలేసి కేకలేసి గొంతు పోగొట్టుకుంది. ఇవాళ ఆమె కూడా వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. నాకు ఓపిక అయిపోయింది. ఇంటికి పోతే చాలు.

"అడిగితే నాది గాదని ఒక్క మాట చెప్పప్పా," అంటాడు మా వకీలు షరీఫ్ సార్ నా చెవిలో. "సాయంత్రానికి ఇంట్లో ఉంటావు."

"మరి తుపాకి?"

"ఎవురిదీ గానిదాన్ని కరిగించేస్తారు."

బంట్రోతు గుమ్మంలో నిలబడి లైసెన్సుదారును పిలుస్తాడు. మారెన్నా, మారెన్నా అని రెండుసార్లు. మూడోసారికి మూటలోంచి జవాబొస్తుంది.

"ఉండా సామీ."

మేజిస్ట్రేటు హాజరు రాసుకుని, కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటాడు. "ఇది మీదేనా?" అని నన్ను అడుగుతాడు.

"గాదని చెప్పు నాయనా," అంటుంది మూట, దగ్గు మధ్యలో. "పో ఇంటికి. పాపం ఆయమ్మి గొంతు పోయిండాది."

నాకు ఏడుపొస్తుంది. ఇన్ని వాయిదాల్లో ఒక్కసారీ రాలేదు.

"నాదేనయ్యా," అంటాను. "మా నాయన."

"అయితే ఇద్దర్నీ ఒకే మూటలో ఉంచాలి," అంటాడు మేజిస్ట్రేటు. "పూచీ ఎవరు?"

ఓబులమ్మ చెయ్యెత్తుతుంది.

కానిస్టేబుల్ మూట విప్పుతాడు. నేను చెప్పులు విడిచి లోపలికి దిగుతాను. లోపల మా మంచె ఉంది. నాయన జరిగి చోటిస్తాడు. పైన ముడి బిగుసుకుంటుంది, కరిగిన లక్క వాసన వేస్తుంది. ఓబులమ్మ వేలిముద్ర వేసి మమ్మల్ని భుజానికెత్తుకుని బయటికి నడుస్తుంది. పందులు బెంచీ దిగి ఆమె వెనకే వస్తాయి.

చేని గట్టు మీద ఆమె ఆగి వెనక్కి తిరుగుతుంది. లక్క పగిలి గుడ్డ జారిపోతుంది. కేకేద్దామంటే గొంతు లేదు. మమ్మల్ని చెంపకు ఆనించుకుని ఒక కన్ను మూస్తుంది.

"దగ్గొస్తాండాదిరా," అంటాడు నాయన.

"నాక్కూడా నాయనా."

పందులు చెవులు నిక్కించి నిలబడతాయి. మేమిద్దరం ఒకేసారి ఊపిరి పీల్చుకుంటాం.