గుడ్డముక్కల వీధి

ఆమె బట్టలు సరిచేసే షాపులో పనిచేసేది. పొడుగు ప్యాంట్లు కత్తిరించడం, బిగుతు చొక్కాలు వదులు చేయడం రోజంతా ఆమె పని. మిగిలిన గుడ్డముక్కల్ని సంచిలో వేసి ఇంటికి తెచ్చుకునేది. ఏడు నెలలుగా వాటితో ఒక పాత దుప్పటి మీద తాను పుట్టి పెరిగిన వీధిని కుడుతోంది.

ఆ వీధి ఇప్పుడు లేదు. గని తవ్వకం కోసం ఊరంతా ఖాళీ చేయించి ఇరవై రెండేళ్ళయింది. వెళ్ళి చూద్దామన్నా అక్కడ పెద్ద గొయ్యి తప్ప ఏమీ మిగల్లేదు. అందుకే చారల పైజామా గుడ్డతో రైలు గేటు కుట్టింది. కోటు లోపలి మెరుపు గుడ్డతో గడియారాలు బాగుచేసే ఆయన కిటికీ అద్దం కుట్టింది. దగ్గర్లోని లైబ్రరీవాళ్ళు దాన్ని గోడకు వేలాడదీస్తామన్నారు. ముందు అక్క చూడాలంది ఆమె.

అక్క ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. మంచినీళ్ళైనా తాగకుండా కళ్ళద్దాలు పెట్టుకుని, మంచం మీద పరిచిన దుప్పటి మీదికి వంగింది.

"ఒసేయ్, రొట్టెల కొట్టు కుడివైపు పెట్టావేంటే? ఎడమవైపు కదా!"

"కుడివైపే అక్కా. బడి నుంచి వస్తుంటే కుడివైపే ఉండేది."

అక్క కాసేపు ఆలోచించి నవ్వేసింది. "నీకు ఇంటికొచ్చే దారి గుర్తుంది. నాకు వెళ్ళిపోయే దారి గుర్తుంది. ఎప్పుడెప్పుడు బయటపడదామా అనే ఉండేది నాకు." ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తమ ఇంటి మీద వేలు ఆనించి అడిగింది. "అమ్మ ఏదే?"

చెల్లెలు ఆ ఇంటి గుమ్మంలో మిగిలిన సూది రంధ్రాలు చూపించింది.

"మూడుసార్లు కుట్టి విప్పేశాను. ముఖం గుర్తు రావట్లేదక్కా. ఫొటోలో ముఖమే వస్తోంది. అది అమ్మలా లేదు."

"పిచ్చిమొహమా, అమ్మ ముఖం మనం ఎప్పుడు తీరిగ్గా చూశాం? పొద్దస్తమానం కుట్టుమిషను ముందే కదా! మనకి కనిపించేది వీపే. చెప్పులు విప్పిన చప్పుడు విని, వెనక్కి తిరక్కుండా, 'పెద్దదానివా, చిన్నదానివా?' అనేది."

"తెలిసే అడిగేది."

"తెలిసే."

అక్క గుడ్డముక్కల సంచిని నేల మీద గుమ్మరించింది. వెతికి వెతికి, వెలిసిన బూడిదరంగు ముక్క ఒకటి ఏరింది. చెల్లెలు దాన్ని కత్తిరించింది. వంగిన మెడ, ఒకవైపుకి జారిన ముడి, ఎడమదానికంటే కాస్త పైకి లేచిన కుడి భుజం. సూదిలోకి దారం ఎక్కించడానికి అక్క కళ్ళు సహకరించలేదు. అయినా ఆ భుజం తనే కుడతానని పట్టుబట్టింది. కుట్లు వంకరగా వచ్చాయి. చెల్లెలు వాటిని విప్పలేదు.

మరుసటి వారం దుప్పటి లైబ్రరీ గోడ మీదికెక్కింది. అక్క ఫోనులో అడిగింది. "జనం చూస్తున్నారా? ఏమంటున్నారు?"

"ఆ అటు తిరిగి కూర్చున్నావిడ ఎవరని అడుగుతున్నారు."

బుధవారాల్లో భోజన విరామంలో ఆమె అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది. దుప్పటికి మరీ దగ్గరగా నిలబడదు. ఆ ఇంట్లో గుమ్మానికీ మిషనుకీ ఎంత దూరముండేదో అంత దూరంలో ఆగుతుంది. ఒకరోజు తెలియకుండానే నోటి నుంచి మాట జారింది.

"చిన్నదాన్నమ్మా."

బల్ల దగ్గరి లైబ్రరీ ఆయన తలెత్తాడు. "ఏమన్నా కావాలా అండీ?"

"అబ్బే, ఏం లేదండీ," అని, ఇంకో నిమిషం అక్కడే నిలబడి, ఆమె పనికి వెళ్ళిపోయింది.