మా ఆవిడకు అక్షరం రాదు

మలయాలో మేమున్న తోటల ఎస్టేట్‌లో ఎవరింట్లోనూ బియ్యం ఉండకూడదని తెల్లవాళ్ల సర్కారు ఆర్డరు వేసిన ఏడాది నాకు పెళ్లయింది. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు మా ఇళ్ల నుంచి బియ్యం వెళుతోందని అనుమానం. అందరికీ ఒకేచోట వండేవారు. రెండుపూటలా గిన్నె పట్టుకుని వరసలో నిలబడి అన్నం తేవడం నా పని. అన్నం పలుకైనా, మెత్తబడినా మా అత్తగారు పాపమ్మ నన్నే అనేది, వండింది నేను కాకపోయినా. మా ఆయన రామదాసు అదే ఎస్టేట్‌లో కిరాణి, ఆఫీసులో రాతపని. ఆయన అరిచేవారు కాదు. కంచం కొంచెం ముందుకు నెట్టి లేచిపోయేవారు. నాకు పదిహేడేళ్లు. ఏం తప్పు చేశానని అడగలేకపోయేదాన్ని.

అడగలేనిది రాసుకున్నాను. కంచం ముందు నుంచి లేచిపోయే ఒక భర్త మీద ఆరు కాగితాల కథ. తెలుక్ ఆన్సన్ ఊళ్లో ఉన్న పుట్టింటికి వెళ్లే రోజున, నాకు చదువు చెప్పిన మాస్టారికి చూపిద్దామని నడుం దగ్గర చీర మడతల్లో దాచుకున్నాను. గేటు దగ్గర ఆడవాళ్లను తడిమి చూసే రాసమ్మ చేతికి బియ్యానికి బదులు ఆ కాగితాలు తగిలాయి. తెలుగు అక్షరాలు అక్కడ ఎవరికీ రావు. అడవికి పంపే కబురేమోనని పోలీసు అధికారి నన్ను కూర్చోబెట్టి, మా ఆయన్ని పిలిపించాడు.

ఆయన నిలబడే ఆరు కాగితాలూ చదివారు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మలాయి భాషలో చెప్పారు, ఇవి భజన పాటలని, తనే రాసి పుట్టింట్లో ఇమ్మన్నానని, మా ఆవిడకు అక్షరం రాదని. నిజమేనా అని అధికారి నన్నడిగాడు. మా ఆయన నా వైపు చూశారు. తల ఊపాను.

నన్ను కాపాడారు, కాదనలేను. అదే నా నోరు కట్టేసింది. ఇంటికొచ్చి కాగితాలు నీళ్ల పొయ్యిలో పెట్టారు.

"నాను కంచం తోసినమాట నిజిమే. అది ఊరందరికీ సెప్పాలేటి?" అన్నారు.

ఇవాళ సభల్లో నా మొదటి కథ ఎక్కడ అచ్చయిందని అడుగుతుంటారు. అది ఆయన స్నానానికి నీళ్లు కాచింది.

పక్కింటివాళ్ల కంట పడుతుందని ఆ తర్వాత నన్ను కాగితం ముట్టనివ్వలేదు. అమ్మ రాయించిన ఉత్తరాలు ఆయనే చదివి వినిపించేవారు, తనకు తోచింది చదివి, తోచనిది వదిలేసి. ఎదురుగా కూర్చుని తలకిందులుగా ఉన్న అక్షరాలను నేను కూడబలుక్కునేదాన్ని. ఒకసారి, అమ్మ మంచం పట్టిందన్న వాక్యం ఆయన వదిలేశారు. చదవడం రాని దాన్ని కదా, అప్పుడు ఏడవడానికి కూడా లేకపోయింది.

మెర్డెకా, అంటే స్వతంత్రం, వచ్చింది. ఆఫీసు ముందు కొత్త దేశపు జెండా ఎగరేశారు, లడ్డూలు పంచారు. పౌరసత్వానికి పేర్లు రాయించుకోమంటే అందరం వెళ్లాం. నా కాగితం ఆయనే నింపారు. సంతకం నేను పెడతానని మెల్లగా అన్నాను.

"పోలీసోళ్లకి ఒకపాలి సెప్పేసినాను లా. ఇప్పుడు నువ్వు సంతకం పెడితే నాను దొంగనవుతాను."

ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం చూసి బొటనవేలు చాపాను. దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది ప్రభుత్వం రికార్డులో నేను చదువురాని దాన్నయ్యాను.

మర్నాడే ఆ కథ మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మనుషుల పేర్లు మార్చలేదు.