కనకరాజుగారి ఆవిడ

తెగిన చోటే దారం కడితే వల నిలవదు. చిరుగు చుట్టూ బాగున్న కళ్ళను కూడా కొన్ని కోసి పారేసి, అప్పుడు కొత్త దారం ఎక్కించాలి. కనకరాజు ఆ కోసే పనిలో ఉన్నాడు. వల అంచుని కుడికాలి బొటనవేలికి తగిలించి, కాలు చాపి బిగించి, కళ్ళజోడులోంచి ఒక్కో కన్నూ ఎడమచేత్తో విడదీసి చూస్తూ కుడిచేత్తో బ్లేడు ఆడిస్తున్నాడు. ఆ బొటనవేలి గోరు ఎన్నడో ఊడిపోయింది. వేళ్ళ సందుల్లో నైలాను దారం కోసిన గాట్లు, పాతవాటి మీద కొత్తవి. అరవై దాటిన మనిషి, ఎండిన కొబ్బరి మట్టలా ఉంటాడు. వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. లేచి నిలబడినా వల కడుతున్నట్టే కనిపిస్తాడు.

ఈ వల రాత్రి ఎక్కడ చిరిగిందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. దారానికి ఎర్రగా ఇటుక పొడి అంటుకుని ఉంది. ఆ ఇటుకలు ఒకప్పుడు అతని ఇంటివి.

ఏట్లో చేపలు పడే చోట్లకి ఎవరూ కూర్చుని పేర్లు పెట్టరు. ఎవడో ఒకటి అంటాడు, పదిమంది నవ్వుతారు, మర్నాటికి అదే పేరైపోతుంది. గ్యాసు కంపెనీ డ్రమ్ము ఇరుక్కున్న చోటు డ్రమ్ము గొయ్యి. సర్పంచిగారు ఫోటో దిగబోతూ నీళ్ళలో పడ్డ చోటు సర్పంచి జారుడు. పెళ్ళివారి పడవ బోల్తా కొట్టి పెళ్ళికొడుకు తల్లి పోయిన చోటుని పెళ్ళిపడవ అంటారు. పెళ్ళిపడవ దగ్గర ఇవాళ రొయ్య బాగుందని నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ పెళ్ళికొడుకు ఇదే రేవులో పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడన్న ఇంగితం ఒక్కడికీ ఉండదు. మనిషి జన్మంతా బుద్ధిగా వల లాగితే ఎవడికీ గుర్తుండదు. ఒక్కరోజు జారిపడితే మాత్రం ఇక చచ్చేదాకా వదలరు.

మూడేళ్ళ కిందటి పెద్ద వరదకి వైనతేయ పాయ లంక అంచుని కోసేసింది. కనకరాజు ఇల్లు ఆ అంచు మీదే ఉండేది. సామాను గట్టు మీదికి చేర్చారు, మనుషులూ చేరారు. అంతలో గుడ్లు పొదుగుతున్న కోడి గుర్తొచ్చి అతని భార్య సరోజిని వెనక్కి పరిగెత్తింది. ఇదిగో వచ్చేత్తన్నా అంది. వంటిల్లు, వెనక గోడ, దాని వెనక కొబ్బరిచెట్లు, సరోజిని, కోడి, అన్నీ కలిసి నీళ్ళలోకి ఒరిగిపోయాయి. చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

వరద తీశాక కనకరాజు బతిమాలని పడవ లేదు. అవతలి గట్టున సెల్ టవరు, ఇవతలి గట్టున తల విరిగిన కొబ్బరిచెట్టు, రెండూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చే చోట నావ ఆపించి, సరోజిని ఇక్కడే ఉంటదండి, ఒక్కసారి వల తిప్పండి అని ఒక్కొక్కరి చేతులూ పట్టుకున్నాడు. కాదనలేక తిప్పారు. మనిషి రాలేదు, చేపలు వచ్చాయి. కూలిన గోడల సందుల్లో, కొబ్బరి మొద్దుల కింద చేరిన జెల్లలూ వాలుగలూ వల నిండా వచ్చాయి. మొదటిరోజు సిగ్గుపడి నీళ్ళలోకి వదిలేశారు. మర్నాడు గంపలకెత్తుకున్నారు. ఆ తర్వాత కనకరాజు పిలవకుండానే వెళ్ళారు. ఎక్కడ పడ్డాయిరా ఇన్ని అని అడిగినవాళ్ళకి సరోజిని దగ్గర అని చెప్పారు. అంతే, గొయ్యికి పేరు పడిపోయింది. చోటు చూపించినవాడూ కనకరాజే, పేరు అందించినవాడూ కనకరాజే. ఖర్మ అంటే అలా ఉంటుంది.

అప్పటినుంచి అతను చేప ముట్టలేదు. వాలుగ ఏం తిని బలుస్తుందో ఏటి ఒడ్డున పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? పక్కింటి లిడియా జాలిపడి పప్పో వంకాయో వండి క్యారేజీ పెడుతుంది.

కానీ చెవులెక్కడ మూసుకుంటాడు? ఇల్లు పోయినవాడు రేవులో పాక వేసుకుని వలలు కట్టి బతుకుతున్నాడు. ఆ వలలు ఒళ్ళో పడేస్తూ, ఇయ్యాల సరోజిని చింపేసిందండి అనేవారు. సరోజిని పూడుకుపోతోంది అనేవారు. సరోజిని మీద ఇంకా ఎన్నాళ్ళు బతుకుతాంరా అని ఒకడంటే మిగతావాళ్ళు నవ్వేవారు. విన్న ప్రతిసారీ కనకరాజుకి తల కొట్టేసినట్టయ్యేది. ఆ మనిషి బతికుండగా మొగుడి ముందు తప్ప గొంతెత్తి మాట్లాడి ఎరగదు.

చివరికి ఈ ఏడు తొలకరిలో ధైర్యం చేశాడు. రేవులో ఇంజను నావలన్నీ దాదాపు ఆదినారాయణవే. అతని దగ్గరికి వెళ్ళి, ఆ గొయ్యిలో చిరిగే వలలన్నీ ఊరికే కట్టిపెడతాను, ఆ పేరు మాత్రం ఎవరూ ఎత్తకూడదు అని అడిగాడు. ఆదినారాయణ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు, ఆయ్ అలాగేనండి, అంతకన్నానా అన్నాడు. అన్నట్టే రేవులో ఆ పేరు వినపడటం ఆగిపోయింది. కనకరాజు కడుపు మాడ్చుకుని కట్టాడు, కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టింది. మాట నిలబెట్టుకునే మనుషులు ఇంకా ఉన్నారమ్మా అని లిడియాతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. పిచ్చి మనిషి.

ఎండ పాకలోకి వచ్చే వేళకి మోటారు సైకిలొకటి ఆగింది. నెత్తిన టోపీ, వీపున గాలపు కర్ర. అమలాపురంలో బ్యాంకు ఉద్యోగమనీ, పేరు సాయి కిరణ్ అనీ తనే చెప్పుకున్నాడు. సెలవురోజుల్లో గాలం వేయడం సరదాట. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు, అంత సంస్కారం.

"బాబాయిగారూ, కనకరాజుగారి ఆవిడ ఎక్కడండీ?"

కనకరాజు చేతిలో బ్లేడు ఆగింది. ఆవిడ పోయి మూడేళ్ళయిందండి అన్నాడు.

"అయ్యో, మనిషి కాదండీ," అని నవ్వాడు సాయి కిరణ్. "గొయ్యండి. కనకరాజుగారి ఆవిడ దగ్గర జెల్లలు తెగ పడుతున్నాయని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల."

కనకరాజు బ్లేడు కింద పెట్టేశాడు. పేరు తీసేశారు, నిజమే. తీసేసి మొగుడి పేరు తగిలించారు. తను లేని చోట పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటూ, తను కనిపిస్తే గొంతు తగ్గించుకుంటూ తొలకరి నుంచీ గడిపారు. తను ఊరికే కట్టిన ప్రతి కన్నూ ఆ నవ్వులకే కట్టాడు. అయినా గుమ్మంలోకి వచ్చినవాడు అడిగితే దారి చెప్పకుండా ఉండటం అతనికి చేతకాదు. లేచి, చెయ్యి చాపి, సెల్ టవరునీ తల విరిగిన చెట్టునీ చూపించాడు. రెండూ ఎదురైన చోట గాలం వేయమన్నాడు.

ఆ పేరెందుకొచ్చిందండీ అని అడిగాడు సాయి కిరణ్.

"ఆవిడ అక్కడే ఉంటదండి," అన్నాడు కనకరాజు.

సాయి కిరణ్‌కి అర్థం కాలేదు. థాంక్సండీ అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆదినారాయణ వల కోసం వచ్చేసరికి అది పక్కన ముద్దగా పడి ఉంది. ఇది నేను కట్టనండి అన్నాడు కనకరాజు. పుట్టి బుద్ధెరిగాక ఒకరికి ఎదురు చెప్పడం అదే మొదలు.

ఆదినారాయణ కోప్పడలేదు. తుండుగుడ్డతో అరుగు దులుపుకుని కూర్చుని, సంగతంతా ఓపిగ్గా విన్నాడు.

"ఆవిడ పేరు ఎవరన్నా ఎత్తేరాండి? మీరే చెప్పండి."

"ఎత్తలేదండి."

"మరింకేంటండి? గొయ్యన్నాక ఏదో ఒకటి అనుకోవాలి కదండి. గారు పెట్టి మరీ అంటన్నారు." లేచి తుండు భుజాన వేసుకున్నాడు. "మీకు కష్టంగా ఉంటే మానెయ్యండి, కొత్త వల కొనుక్కుంటాం. కుర్రోళ్ళు మళ్ళీ సరోజినీ అనుకుంటారు. అంతే కదండి."

బెదిరించినట్టు లేదు. ఇంకో టీ తాగుతారా అన్నంత మెత్తగా అన్నాడు. కనకరాజు రెండు సిగ్గుల్నీ తూచుకున్నాడు. తన పేరైతే తను మొయ్యగలడు. తను బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి పేరు వీళ్ళ నోళ్ళలో పడకుండా ఉంటే చాలు. ఆయ్ అని, వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

లిడియా క్యారేజీ తెచ్చేసరికి అతను పాక గుంజకి చేరగిలబడి ఉన్నాడు. గడ్డం గుండెల మీదికి వాలింది. కునుకు తీస్తున్నాడనుకుని, చప్పుడు చేయకుండా క్యారేజీ పక్కన పెట్టి వెళ్ళింది.

సాయంత్రం పోటుకి నావ కదలాలి. ఆదినారాయణ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, కనకరాజుగారూ అని మర్యాదగా రెండు మూడుసార్లు పిలిచాడు. భుజం తట్టి చూశాడు. చల్లగా తగిలింది. అందరూ కాసేపు తలలు వంచుకుని నిలబడ్డారు. కనకరాజు వేళ్ళు వల కళ్ళలో చిక్కుకుని బిగుసుకుపోయాయి. ఒకడు కత్తి తీస్తే, వల కొయ్యకురా అని ఆదినారాయణ వారించాడు. ఒక్కో వేలూ విప్పదీసి, ఒక్కో కన్నూ తప్పించి, ఎక్కడా దారం తెగకుండా మనిషిని వలలోంచి బయటికి తీశారు.

గట్టు మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. లిడియా ఒక్కతే ఏడ్చింది. పోటు ఎవరికోసమూ ఆగదు కాబట్టి ఇద్దరిని శవం దగ్గర ఉంచి మిగతావాళ్ళు నావ దగ్గరికి నడిచారు. ఎటు పోదామండీ అని ఇంజను దగ్గరున్నవాడు అడిగాడు.

"సరోజిని దగ్గరికే," అన్నాడు ఆదినారాయణ. "ఇంక పైకే అనుకోవచ్చులేరా."

చిరుగు ఎంత మిగిలిందో చూద్దామని అతను కనకరాజు కళ్ళజోడు నేల మీంచి తీసి పెట్టుకున్నాడు. బానే ఆనతన్నాయే అన్నాడు. బెత్తెడు మిగిలింది, ఫర్వాలేదు. కళ్ళజోడు తీసి పాక గుంజకున్న మేకుకి తగిలించి నావెక్కాడు. ఎప్పుడో ఒక కాడ విరిగితే కనకరాజు దానికి నైలాను దారం చుట్టి కట్టుకున్నాడు. ఆ కాడ మీదే వేలాడుతూ, గాలికి అది ఒకసారి ఏటి వైపూ ఒకసారి పాక వైపూ తిరుగుతూ ఉంది.