నలభై ఒకటో డబ్బా

టార్చి పళ్ళ మధ్య బిగించి, ఎడమ మోచేయి నేలకు ఆనించి, డబ్బాలక్క కళ్ళద్దాల షాపు కౌంటరు కింద సగం వరకు దూరి ఉంది. గోడకు కొట్టిన చెక్క మీద వైఫై రూటర్ దుమ్ము కప్పుకుని పడుకుంది. దాన్ని వెల్లకిలా తిప్పి, అడుగున చీమల బారులా ఉన్న మోడల్ నెంబరు చదివింది. జేబులోంచి తెల్ల టేపు చుట్ట తీసి వేలెడు ముక్క తుంచింది. దాని మీద ఒక నెల, ఒక సంవత్సరం రాసి, డబ్బా మీద అంటించి, బొటనవేలితో రెండుసార్లు రుద్దింది.

"అందరూ పుట్టినరోజు రాస్తారు. నువ్వేంటక్కా, పోయేరోజు రాస్తావు?" పైనుంచి అడిగాడు షాపాయన.

ఆమె టార్చి నోట్లోంచి తీసింది. "పుట్టినరోజు రాస్తే సంతోషిస్తారు గానీ డబ్బా మార్చరు కదండీ."

"బాగానే వెలుగుతోందిగా ఆకుపచ్చగా!"

"వెలుగుతూనే ఉంటుంది. దొంగలు కొత్త మారుతాళంచెవి చేసినప్పుడల్లా కంపెనీ వాళ్ళు మన తాళం మారుస్తూ ఉంటారు. వాటినే అప్‌డేట్లంటారు. ఈ తేదీ దాటితే మార్చరు. దీపం వెలుగుతోంది కదా అని తలుపు గడియ వేసి ఉందనుకుంటే ఎట్లా?"

షాపాయన రూటర్ అందుకుని కళ్ళజోడు పైకి కిందికి జరిపాడు. "నేను కళ్ళద్దాలమ్ముతాను, నాకే కనపడట్లేదు ఈ కంపెనీ అక్షరాలు. నీ టేపు కనపడుతోంది, అది చాల్లే."

ఆ మాటకు మామూలుగా అయితే ఆమె నవ్వేది. ఏడాదిగా నవ్వడం లేదు. "టేపుని కూడా గుడ్డిగా నమ్మకండి," అని మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, రెండు దఫాలుగా పైకి లేచింది.

ఆమెకు ఆ రోజుతో అరవై నిండుతున్నాయి. బూడిదరంగు యూనిఫాం చొక్కా మోచేతుల దగ్గర పలచబడింది. జేబు మీద కుట్టిన పేరులో ఇప్పుడు మూడక్షరాలే మిగిలాయి. వాటిని చదివే అవసరం కూడా ఎవరికీ రాలేదు. టెలిఫోన్ తీగలు లాగే రోజుల నుంచి ఆమె ఇదే పనిలో ఉంది. ఫోన్లు పోయి డబ్బాలొచ్చాక, ఊళ్ళో సగం వీధులకు డబ్బాలక్క అయింది. సాయంత్రం ఐదింటికి పనిముట్ల సంచి, గుర్తింపు కార్డు ఆఫీసులో అప్పగించాలి. ఆ తర్వాత ఆమె ఏ ఇంట్లోనూ ఏ డబ్బానూ ముట్టుకోవడానికి వీల్లేదు. కార్డు లేకపోతే ఎవరూ లోపలికి రానివ్వరు కూడా.

ఆమెకు ఇంకా ఒక్క డబ్బా మిగిలిపోయింది.

నాలుగేళ్ళ కిందట ఆఫీసుకు ఒక కొత్త మోడల్ వచ్చింది. నల్లగా, నాలుగు యాంటెన్నాలతో, చూడగానే గోడ మీద సాలీడులా ఉండేది. ఐదేళ్ళు అప్‌డేట్లు ఇస్తామని తయారుచేసిన కంపెనీ చెప్పింది. ఆమె బిగించిన రోజు నుంచి ఐదేళ్ళు లెక్క వేసుకుని, నలభై ఒక్క ఇళ్ళలో నలభై ఒక్క టేపులు రాసింది. కంపెనీ లెక్క వేరు. ఆ మోడల్ మొట్టమొదట బజారులోకి వచ్చిన రోజు నుంచి వాళ్ళ ఐదేళ్ళు మొదలయ్యాయి. వాటిలో మూడేళ్ళు ఆ డబ్బాలు ఎక్కడో గోదాములో, కవర్లు కూడా విప్పకుండానే, గడిపేశాయి.

ఆ సంగతి ఆమెకు జిరాక్స్ షాపులో తెలిసింది. షాపతని రూటర్లోకి ఎవరో జొరబడి, దాని నుంచి ముక్కూమొహం తెలియని వాళ్ళకు చెత్త పంపిస్తుంటే, ఆఫీసువాళ్ళు అతని లైను ఆపేశారు. చూడటానికి వెళ్తే అతను కోప్పడలేదు. డబ్బా తిరగేసి చూపించాడు. "ఇంకా రెండేళ్ళుందని నువ్వే రాశావు కదక్కా," అన్నాడు. తిడితే తేలిగ్గా ఉండేది.

అప్పటి నుంచి మధ్యాహ్నం క్యారేజీ తినే అరగంటలో, సెలవు రోజుల్లో, ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి, తప్పు ఒప్పుకుని, తన టేపును తనే పీకుతూ వచ్చింది. నలభై అయ్యాయి. నలభై ఒకటో ఇంటివాళ్ళు ఇల్లు మారారు. లైను పేరు కూడా మారడంతో ఆఫీసు జాబితాలో దొరకలేదు.

ఆమె భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. రూటర్ల మీద కొత్త నిబంధనలు తేబోతున్నాం, జనం తమ అభిప్రాయాలు రాయండి అని ప్రభుత్వం ప్రకటన ఇస్తే, ఆయనే పేపర్లో చూసి చెప్పాడు. ఆమె ఒక పేజీ రాసింది. "ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్న నేనే లెక్క తప్పాను. కొనుక్కునే వాళ్ళకు ఎలా తెలుస్తుంది?" అన్నదే అందులో ముఖ్యమైన మాట. ఆయన రెండు కామాలు పెట్టి పోస్టు చేశాడు. జవాబు రాలేదు. ఎనిమిది నెలలకు నిబంధన మాత్రం వచ్చింది. అప్‌డేట్లు ఏ తేదీ వరకు ఇస్తారో డబ్బా మీద పెద్దక్షరాలతో అచ్చు వేయాలి. లెక్క మోడల్ పుట్టిన రోజు నుంచి కాదు, దాని అమ్మకం ఆపేస్తామని కంపెనీ ముందే చెప్పిన రోజు నుంచి వేయాలి.

"చూశావా, నీ ఉత్తరం చదివే తెచ్చారు," అన్నాడు ఆయన.

"చాల్లెండి. ఆ బల్ల మీద అలాంటివి ఎన్ని వందలుంటాయో," అంది ఆమె. కానీ ఆ రోజు ఆయన కాఫీలో చక్కెర కాస్త ఎక్కువే పడింది.

పదకొండున్నరకు, మెట్ల కింద కూర్చుని క్యారేజీ విప్పుతుంటే సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. కొడుకు వయసువాడు. టేపులు అంటించొద్దు, కస్టమర్లు లేనిపోని ప్రశ్నలు వేస్తారని ఆమెకు రెండుసార్లు మెమో ఇచ్చినవాడు కూడా అతనే.

"అక్కా, నీ నలభై ఒకటి దొరికింది. పసిపిల్లల్ని చూసుకునే ఆవిడ. పాత మోడల్ మారుస్తామని మన కాల్ సెంటర్ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారట. వద్దందిట."

"ఎందుకట?"

"'మా డబ్బా కింద డబ్బాలక్క రాసిన తేదీ ఉంది. మీ మాటకన్నా ఆ టేపు నయం' అందిట."

క్యారేజీ గిన్నె మీద మళ్ళీ మూత పెట్టి, కొత్త డబ్బా కోసం ఆమె ఆఫీసుకు బయలుదేరింది.

ఆ ఇంటి గుమ్మానికి మోకాలెత్తు చెక్క తలుపు ఒకటి అడ్డంగా ఉంది. లోపల నేల మీద పరుపులు, పరుపుల మీద ఆరుగురు పిల్లలు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. గోడ మూలల్లో రెండు కెమెరాలు. ఉద్యోగాలకు వెళ్ళిన తల్లులు ఆఫీసుల్లోంచి ఫోన్లలో పిల్లల్ని చూసుకుంటారు. బీరువా మీద నల్లసాలీడు ఆకుపచ్చగా కళ్ళు మిటకరిస్తోంది.

ఇంటావిడ ఆమెను చూడగానే మొహం చేటంత చేసుకుంది. వేలు పెదాల మీద పెట్టి, "మీరా అక్కా! మీవాళ్ళు ఒకటే ఫోన్లు. మీ టేపు ఉందని చెప్పి పంపించేశా," అంది గుసగుసగా.

"అది చెప్దామనే వచ్చానమ్మా. ఆ టేపు తప్పు."

"ఏం తప్పు?"

"వచ్చే ఏడాది వరకూ అని రాశాను. అది రెండేళ్ళ కిందటే అయిపోయింది."

తర్వాత గొడవంతా గుసగుసల్లోనే జరిగింది. గట్టిగా అరిచే వీలుంటే ఇంకాస్త త్వరగా అయిపోయేదేమో. ఇంటావిడ మెడ నరాలు బిగుసుకున్నాయి, గొంతు మాత్రం ఈకలా తేలుతోంది.

"రెండేళ్ళుగా నా తలుపు తీసి ఉందా?"

"తలుపు వేసే ఉంది. తాళం మార్చేవాళ్ళే లేరు."

"ఎవరైనా లోపలికొచ్చి ఈ పిల్లల్ని చూసి ఉంటే?"

ఎవరూ చూసి ఉండరులెండి అనడం ఎంత సులువో ఆమెకు తెలుసు. నోటి చివరి దాకా వచ్చింది కూడా. "తెలీదమ్మా. చూశారనీ చెప్పలేను, చూడలేదనీ చెప్పలేను," అంది.

ఇంటావిడ లేచి వెళ్ళి రెండు కెమెరాల ప్లగ్గులూ పీకేసింది. ఆ చప్పుడుకు చివరి పరుపు మీది పాప కళ్ళు విప్పి, ఏడవాలా వద్దా అని కాసేపు ఆలోచించి, దగ్గర్లో కనిపించిన బూడిదరంగు చొక్కా వైపు పాకి, డబ్బాలక్క ఒళ్ళోకి ఎక్కేసింది. జేబులోని టార్చి లాగి నోట్లో పెట్టుకుంది. ఆమె పాపను ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో పాత డబ్బా తీగలు ఊడదీసింది.

కొత్త డబ్బా మీద, ముందు వైపే, కొట్టొచ్చినట్టు తేదీ అచ్చు వేసి ఉంది. ఏడేళ్ళ దూరంలో ఉన్న తేదీ. ఇంటావిడ దాన్ని వేలితో తడిమి చూసింది.

"దీన్ని నమ్మమంటారా?"

"నా మాట అటుంచండి. నేను తప్పు రాస్తే అడగడానికి ఎవరూ లేకపోయారు. ఈ కంపెనీ వాళ్ళు తప్పితే అడగడానికి ఒక ప్రభుత్వ ఆఫీసుంది, వీళ్ళకి శిక్ష ఉంది. అంతే తేడా." ఊడదీసిన డబ్బా చూపించి, "ఇదివరకే అమ్మేసిన వాటికి ఈ రూలు వర్తించదు. మీ నల్లదాని లాంటివి ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. రూలు ఇంటింటికీ వచ్చి డబ్బా తిరగేసి చూడదు కదమ్మా," అంది.

"అందుకు మీరొచ్చారు," అంది ఇంటావిడ. అందులో ఎత్తిపొడుపు సగం, మరోటి సగం. తర్వాత నుదురు పట్టుకుంది. "ఆరుగురు తల్లులకి ఇప్పుడు నేనేమని చెప్పను?"

"ఫోన్ కలపండి. తప్పు నాది, నేనే చెప్తాను."

మొదటి తల్లి అంతా వింది. "పాస్‌వర్డ్‌లు మార్చారా?" అంది చివరకు.

"డబ్బాకీ కెమెరాలకీ కూడా. ఆవిడే మార్చుకుంది. నాక్కూడా చెప్పలేదు."

"అదే మంచిది. చెప్పినందుకు థాంక్సండీ."

ఆరుగురికీ చెప్పేసరికి గంట పట్టింది. ఇద్దరు కేకలేశారు. ఐదో ఆవిడ రేపటి నుంచి పాపను పంపనంది. ఆ పాపే డబ్బాలక్క ఒళ్ళో టార్చి కొరుకుతోంది. ఇంటావిడ పాపను చేతుల్లోకి తీసుకుని చెంప మీది తడి తుడిచింది.

"కోపం తగ్గితే వస్తుంది. రాకపోయినా, దాచి ఉంచుకుంటే నాకు నిద్ర పట్టదు," అంది. తర్వాత కొత్త డబ్బా చూపించింది. "ఆ తేదీ మీరు కూడా రాసి వెళ్ళండి."

"అచ్చులో ఉందిగా?"

"ఉండనీండి. అది తప్పితే ఆ ప్రభుత్వ ఆఫీసుకి వెళ్తా. మీరు తప్పితే మీరే వచ్చి చెప్తారు. రెండూ ఉండాలి నాకు. ఈసారి అడుగున కాదు, నెత్తిన రాయండి."

ఆమె టేపు తుంచింది. అచ్చు వేసిన తేదీని రెండుసార్లు చదివి, ఒక్కో అంకె నిదానంగా రాసింది. ఏడాది తర్వాత మొదటిసారి, బొటనవేలితో రుద్దుతుంటే ఆ వేలు తేలిగ్గా ఉంది.

నాలుగూ యాభైకి ఆఫీసులో సూపర్‌వైజర్ జాబితా పట్టుకుని కూర్చున్నాడు. కట్టర్, క్రింపర్, మీటర్, నిచ్చెన తాళంచెవి. ఒక్కొక్కటీ బల్ల మీద పెడుతుంటే టిక్కు పెడుతున్నాడు. నల్లసాలీడును పక్కనున్న పాత డబ్బాల బుట్టలో వేసింది. దాని టేపు లేదు. టేపు ఉన్నచోట ప్లాస్టిక్ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

"నలభై ఒకటీ అయిపోయాయా అక్కా?"

"అయిపోయాయి నాయనా. ఇక నాకు ఏ మెమో ఇస్తావో ఇచ్చుకో."

"పెద్దసారు ఐదున్నరకి వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారట. ఉండు."

"ఆయన నాలుగంటే నలభై. మా ఆయన బస్టాపులో నిలబడి ఉంటాడు, మోకాళ్ళు పట్టేస్తాయి." మెడలోంచి గుర్తింపు కార్డు తీసి, తాడు చుట్టలా చుట్టి జాబితా మీద పెట్టింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నవ్వింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు, ఒక్కో మెట్టుకూ రెండేసి అడుగులుగా, కిందికి దిగిపోయింది.

సూపర్‌వైజర్ పనిముట్లు సంచిలోకి సర్దుతుంటే, జాబితాలో లేని వస్తువు ఒకటి బల్ల మీద మిగిలింది. ఆమె సొంత టార్చి. మరిచిపోయిందనుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి పిలవబోయాడు. కింద ఆమె అప్పటికే రోడ్డు దాటుతోంది. ఒకాయన ఆమె చేతిలోని క్యారేజీ అందుకుంటున్నాడు.

టార్చిని వెలుతురులో తిప్పి చూశాడు. ఒక చివర ఇన్నేళ్ళ పళ్ళ గాట్లు, వాటి పక్కనే ఇంకా తడి ఆరని బుల్లి గాట్లు రెండు. పిడి చుట్టూ కొత్తగా అంటించిన తెల్ల టేపు మీద, బ్యాటరీలు మళ్ళీ ఎప్పుడు మార్చాలో, వచ్చే ఏడాది తేదీ.