ఎండబెట్టిన చిప్పు

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, డానీ చేసింది తిరువూరులో ఎవరైనా చేసే పనే. గంపలగూడెం సభలో పాటలకి వాయిస్తుండగా అకాల వాన కొట్టి, వాళ్ళ నాన్న నాటి కీబోర్డు వాద్యం, సింథసైజర్, తడిసి ముద్దయింది. దాన్ని విప్పి, డాబా మీద మిరపకాయల పక్కనే భాగాలన్నీ ఎండబెట్టాడు. ఒక చిప్పు మీది స్టిక్కరు నానిపోయిందని గీకి పారేశాడు. దాని కింద చిన్న గాజు కిటికీ ఉంటుందనీ, అందులోంచి రోజుల తరబడి ఎండ దిగితే లోపల రాసిన ప్రోగ్రామంతా చెరిగిపోతుందనీ పాపం అతనికేం తెలుసు! మిరపకాయలూ ఎండాయి, ప్రోగ్రామూ పోయింది.

అలాంటి పాత వాద్యాలకి కొత్త ఫర్మ్‌వేర్, అంటే ఆ లోపలి ప్రోగ్రాం, రాసిపెట్టడం శ్రీనాథ్‌కి సరదా. సరదా ఏనాడో తీరిపోయింది. పగలంతా కంపెనీ పని, ఆపైన ఇది. మెడ పట్టేసింది, కళ్ళు మంటలు. డానీ వచ్చి అడిగితే వద్దనేవాడే, కానీ అతని తల్లి సామ్రాజ్యం సంగతి విన్నాడు. మతిమరుపు ముదిరి ఆవిడ కన్నకొడుకునే గుర్తుపట్టదు, ఎవరితోనూ మాట్లాడదు. ఆ వాద్యం మీద వేణువు స్వరం మోగితే మాత్రం పాట అందుకునేది. ఇప్పుడు అదీ లేదు.

మొదటిసారి రాసి తెచ్చినప్పుడు ఆవిడ గోడకేసి చూస్తూనే ఉంది. రెండోసారీ అంతే.

“బానే ఉందండి, కానీ ఇది అది కాదండి,” అన్నాడు డానీ.

శ్రీనాథ్‌కి ఒళ్ళు మండింది. “ఇంకేం కావాలయ్యా? పాతదానికంటే చకచకా పలుకుతోందిగా!”

“అదేనండి. పాతది ఊపిరి తీసుకున్నట్టు కాస్త ఆగి పలికేది.”

ఓరి దేవుడా! పాత ప్రోగ్రాం మెల్లగా నడవబట్టే ఆ ఆలస్యం. దాన్ని దిద్దేశానని తనేమో మురిసిపోయాడు. ఇంటికెళ్ళి, నెలల తరబడి చెక్కిన కోడ్‌ని ఉసూరుమంటూ చేజేతులా నెమ్మది చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి మళ్ళీ వెళ్ళాడు. ఇదీ కాకపోతే ఇక తన వల్ల కాదని ముందే చెప్పేశాడు. డానీ మీట నొక్కాడు. సామ్రాజ్యం తల తిప్పింది. సన్నగా, వణుకుతూ ఓ చరణం పాడింది. పాట ఆపి, డానీని దాటి శ్రీనాథ్ వైపు చూసింది.

“ఏం నాయనా, అట్టా నీరసంగా ఉన్నావు? అన్నం తిన్నావా?”

కన్నకొడుకుని కాదు, పరాయివాణ్ణి అడిగింది. డానీ మొహం ముడుచుకుపోయింది. అయినా శ్రీనాథ్ నోరు తెరిచేలోపే గబగబా తనే అందుకున్నాడు: “తినలేదమ్మా. నువ్వే పెట్టమ్మా.”

ఆవిడ గోడ పట్టుకుని లేచి వంటింటి వైపు నడిచింది. శ్రీనాథ్ కాళ్ళు కడుక్కొచ్చి పీట మీద కూర్చున్నాడు.